చెమట పట్టిన ఫ్లోరు

మార్చి 2

అక్కకి,

ఇందుమూలంగా సకల జనులకు, పశుపక్ష్యాదులకు, మరీ ముఖ్యంగా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టు మా అక్కగారికి తెలియజేయడమేమనగా: ఈ నెల ఎనిమిది మొదలు ఇరవై నాలుగు వరకు ఈ నగరమందు ఎవరునూ నడిరోడ్డు మీద తుమ్మరాదు. తుమ్మదలచినవారు సందులోకి పోయి తుమ్మి, ముక్కు తుడుచుకుని రావలెను. దండెం మీది లోదుస్తులు అతిథుల కంట పడరాదు. కుక్కలు వంతులవారీగా మొరగవలెను. ఆరడుగులకు తక్కువైన పౌరులు అతిథుల పక్కన నిలబడి ఊరి పరువు తీయరాదు. ఇట్లు, స్టేడియం ఫ్లోరు మేస్త్రీ, అనగా నీ తమ్ముడు.

నవ్వావా? నువ్వు నవ్వకపోయినా బావ నవ్వుతాడు, ఆయనకి చదివి వినిపించు. తుమ్ముల సంగతి నా పైత్యం గానీ, మిగతా ఊరి హడావుడి నిజం. దేశంలోని కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లన్నీ, ఆడపిల్లలవీ మగపిల్లలవీ, ఈసారి మా ఊళ్ళోనే ఆడతాయట. ఇదివరకు తలా ఒక ఊళ్ళో ఆడి, చివరికి మిగిలిన నాలుగు జట్లే ఒకచోట చేరేవి. ఇప్పుడు మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా అంతా ఇక్కడే. ఒక్క గది ఇంటికి ముప్పై మంది చుట్టాలు దిగితే ఇంటావిడ మొహం ఎలా ఉంటుందో మా ఊరి మొహం అలా ఉంది.

గోడలకి రంగులేస్తున్నారు, రోడ్డు వైపు మాత్రమే. మా వీధి మలుపులో మంగలిషాపు ఉంది చూడు, దాని ముందు గోడకి నీలం పూసి, పక్కకి తిరగ్గానే కుంచె ఆపేశారు. "అదేంటయ్యా, సగం గడ్డం గీసినట్టు?" అని మంగలి అడిగితే, "బస్సులో కూర్చున్నవాళ్ళకి అంతవరకే కనబడుద్ది" అన్నారట. హోటళ్ళలో మంచాలకి కాళ్ళవైపు స్టూళ్ళు కట్టారు, ఆ పొడుగు పిల్లల పాదాలు గాల్లో వేలాడకుండా. ఇది నువ్వు నమ్మవు. నమ్మకు, నాకేం పోయింది.

ఇక నా వైభవం. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి పదహారు చదివినవాడి కింద లెక్కేసి నన్ను ఫ్లోరు మేస్త్రీని చేశారు. మెడలో బ్యాడ్జీ, నడుముకి తాళాల గుత్తి. మా స్టేడియం అసలు ఐసు మీద జారే ఆటల కోసం కట్టింది. కింద ఐసు, దాని మీద నల్ల అట్టలు, ఆ పైన చెక్క పలకలు పరిచి బిగిస్తే బాస్కెట్‌బాల్ కోర్టు. ఐసు కరిగించేస్తే పీడా పోయేది. కానీ పోటీలైన మర్నాడే ఐసు డాన్సు వాళ్ళు దిగుతారట, కరిగించేది లేదన్నాడు నిర్వాహకుడు. ఆయన బ్యాడ్జీ నా దానికి మూడింతలుంటుంది, అందుకని మేమంతా పెద్దబ్యాడ్జీ అంటాం. ఆయన షరతు ఒక్కటే: తలుపులన్నీ మూసి ఉండాలి. బయటి ఉక్కగాలి లోపలికొచ్చిందా, చల్లనీళ్ళ గ్లాసుకి పైన చెమట పట్టినట్టు ఫ్లోరుకి చెమట పడుతుంది. చెమట పట్టిన చెక్క మీద బూటు నిలవదు.

అసలు కబురు చివరికి దాచాను. గోడకి అంటించిన జట్ల పట్టికలో మన నిచ్చెన, అదే మన పొడుగు పిల్ల, చదివే కాలేజీ ఉంది. నీ కూతురు నేను పరిచిన చెక్క మీద పరిగెత్తబోతోంది అక్కా. ఈ ముక్క మాత్రం తమాషా కాదు.

ఇట్లు,
తుమ్ము ఆపుకుంటున్న
నీ తమ్ముడు


మార్చి 6

ఒరేయ్,

నీ చాటింపు అందింది. మీ బావ రెండుసార్లు చదివించుకుని, కంట్లో పెట్టుకున్న భూతద్దం జారి రిపేరుకొచ్చిన గడియారంలో పడేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు. మంచాలకి స్టూళ్ళు కట్టారట! నలభై ఏడేళ్ళొచ్చాయి, చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి, కోతలు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఫోన్ చేస్తే ఎందుకు తీయనని బావతో అడిగించావట. ఎందుకు తీయాలి? మా లాండ్రీ సూపర్‌వైజరమ్మ గొంతుతో ఆదివారం ఫోన్ చేసి, దుప్పట్ల లెక్క తేలలేదు రమ్మంటే, తడిజుట్టుతో పరిగెత్తి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డదాన్ని నేను. మీ బావకి ముసలాయన గొంతుతో ఫోన్ చేసి, మీరు బాగుచేసిన గడియారం వెనక్కి తిరుగుతోంది, నా వయసు తగ్గిపోతోంది అన్నావు. గొంతు మార్చగలవు గానీ చేతిరాత మార్చలేవు. ఆ కోడిగీతలు చూస్తే నువ్వేనని తెలుస్తుంది. అందుకే ఉత్తరమే రాయి.

పిల్ల సంగతి మాత్రం సరిగ్గా విను. దానికి కాలేజీలో సీటిచ్చింది ఆట చూసి. ఆడినన్నాళ్ళే సీటు. ఇంకా ఏడాదిన్నర చదువుంది. ఇక్కడ మా లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఇదివరకు నిలబడినామెకి మోచేతి దాకా కాలింది. సూపర్‌వైజరమ్మ నన్ను చూసినప్పుడల్లా "మీ అమ్మాయి పొడుగు కదా, యంత్రానికి సరిపోద్ది" అంటుంది. ఆ చోట్లో నా కూతురు నిలబడకూడదు. నాకున్న కోరిక అదొక్కటే, ఇంకేం లేదు.

నువ్వు దాని దగ్గరికెళ్ళి వేషాలెయ్యకు. చూడు, చూసింది చూసినట్టు రాయి. ఉన్నది ఉన్నట్టు రాయడం నీ చేతకాదని తెలుసు, అయినా అడుగుతున్నా.

అక్క


మార్చి 11

అక్కా,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నా. కావాలంటే నా నాలుక మీద మీ ఇస్త్రీ పెట్టు.

నిన్న నిచ్చెన జట్టు మొదటి ఆట గెలిచింది. దాని ఆట చూశాను. గీత బయట తుడుపుకర్ర పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. ఎవరైనా పడి చెమట అంటితే పరిగెత్తి తుడవాలి. పరిగెత్తుతూ నేను పక్కనుంచి చూసిన ఆట, టిక్కెట్టు కొన్నవాడికి కూడా కనబడదు. నీ కూతురు ఎగిరితే దిగడం మర్చిపోయిందేమో అనిపిస్తుంది. అవతలి పిల్లలు దిగి, ఊపిరి పీల్చుకుని, పైకి చూస్తే ఇది ఇంకా పైనే ఉంటుంది.

బయటివాళ్ళతో మాట్లాడకూడదని జట్లకి గట్టి కట్టడి. హోటలు, బస్సు, స్టేడియం, మళ్ళీ హోటలు. ఫోన్లన్నీ కోచ్ మేడమ్ సంచిలో. అయినా నీళ్ళ సీసా కోసం గీత దగ్గరకొచ్చినప్పుడు గుసగుసగా పలకరించింది.

"మావయ్యా, ఫ్లోరు నువ్వేనా వేసింది?"

"నేనే. నీ కాళ్ళకి చాలదని రెండు పలకలు ఎక్కువేశాను."

"అమ్మ ఎలా ఉంది?"

"నన్ను తిడుతోంది. అంటే బాగున్నట్టే."

ఇంతలో కోచ్ మేడమ్ కేకేసింది, "ఎవరమ్మా అతను?" అని. పిల్ల తడబడి, "ఎవరూ కాదు మేడమ్, ఫ్లోరు తుడిచే ఆయన" అంది. దాని తప్పేం లేదు, కట్టడి అలాంటిది. ఉన్న మాటే అంది. తుడుపుకర్ర నా చేతిలోనే ఉంది కదా. అయినా కాసేపు ఆ కర్ర బరువెక్కింది.

ఇక మా వీధి సంగతి. అతిథుల కళ్ళకి అడ్డమని టీకొట్టు ఎత్తించేశారు. టీకొట్టాయన కెటిల్ చంకలో పెట్టుకుని, స్టేడియం వెనక చెత్తడబ్బాల పక్కన నిలబడి అమ్ముకుంటున్నాడు. ఊళ్ళో పోటీలు, ఊరివాళ్ళకి టిక్కెట్లు లేవు. లోపలి చప్పట్లు గోడకి చెవి ఆనించి వినాలి. నేను వెళ్ళి, "ఇప్పుడు గెలిపించిన పిల్ల మా అక్క కూతురు" అన్నాను. మంగలి నవ్వి, "నీ అక్కకి కూతురుందా, లేక పొద్దున్నే పుట్టించావా?" అన్నాడు. టీకొట్టాయన, "పోనీలేవయ్యా, ప్రధానమంత్రి కూడా వీడి పెదనాన్నేగా" అన్నాడు. అక్కడ టీ తాగుతున్న గ్యాంగంతా ఘొల్లుమంది.

నేను జీవితంలో చెప్పిన నిజాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి ఇలా నేలపాలైతే కడుపు మండదూ? అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. స్టేడియం వెనక సామాన్ల షట్టరు ఉంది, దాని తాళం నా గుత్తిలోనే ఉంది. లోపలివైపు పెద్ద బ్యానరు కట్టారు, ఎవరికీ కనబడదు. పదమూడో తేదీ ఆటకి షట్టరు బెత్తెడు ఎత్తి, బ్యానరు అంచు పక్కకి లాగి, వీళ్ళని నిలబెట్టి చూపిస్తా. దాని చొక్కా వెనక బావ ఇంటిపేరు ఉంటుంది కదా, ఆయన పేరు వీళ్ళకి తెలుసు. చదువుకోమంటా.

ఇట్లు,
ఫ్లోరు తుడిచే ఆయన


మార్చి 14

ఒరేయ్ దరిద్రుడా,

ఈ ఉత్తరం ఎంత కోపంగా రాస్తున్నానో కాగితం మీద కలం దిగిన గుంటలు చూస్తే నీకే తెలుస్తుంది.

నీ షట్టరు కథ చదివి నిన్న పొద్దున్నే మీ బావతో అన్నాను, "వీడికి తాళాలెవరిస్తారండీ, వీడింటి తాళమే వీడు మూడుసార్లు పోగొట్టాడు" అని. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో ఆగితే సరిపోయేది. సాయంత్రం, తెలియని నంబరు నుంచి ఫోన్. ఎత్తితే నా కూతురి గొంతు. ఏడుపు. "అమ్మా, పడిపోయానమ్మా, మోకాలు తిరిగిపోయింది, ఆస్పత్రికి తీసుకొచ్చారు, అమ్మా." అచ్చం దాని గొంతే. చిన్నప్పుడు ఏడిస్తే మాట మధ్యలో ఎక్కిళ్ళొచ్చేవి, ఆ ఎక్కిళ్ళు కూడా పెట్టావు. చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. తర్వాత తెలివొచ్చింది. "సిగ్గులేదురా, పిల్ల కాలు విరిగిందని కూడా వేషాలేస్తావా, నీ నోట్లో మన్నుపడ" అని పెట్టేశాను. మళ్ళీ మోగింది. తీయలేదు. మూడోసారి మోగితే ఫోన్ తీసుకెళ్ళి దిండు కింద కుక్కాను.

ఎవరి మీద వేళాకోళం ఆడాలో, ఎవరి మీద ఆడకూడదో నీకు తెలియదా? కందకి లేని దురద కత్తిపీటకెందుకని బావ నిన్ను వెనకేసుకొస్తాడు. నేను ఊరుకోను. పోటీలు అయ్యేదాకా నాకు ఉత్తరం కూడా రాయకు.

అక్క


మార్చి 16

అక్కా,

ఫోన్ చేసింది నేను కాదు. అది నిచ్చెనే.

ఈ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను. ఎలా రాసినా నా రాతలో అది వేళాకోళంలాగే కనబడుతోంది. బావ కొట్టుకి కోచ్ మేడమ్ ఫోన్ చేస్తానంది. ఆమె మాటైనా నమ్ము. పిల్ల ఆస్పత్రి మంచం మీద ఫోన్ పట్టుకుని, "అమ్మ నన్ను తిట్టి పెట్టేసింది మావయ్యా, నా నోట్లో మన్ను పడాలంది" అంది. నాకు విషయం వెంటనే అర్థమైంది. దానికి చెప్పలేకపోయాను. "సిగ్నల్ సరిగ్గా లేదేమోలే" అన్నాను.

పదమూడో తేదీ ఆట. సగం అయిపోయింది, మనవాళ్ళే ముందున్నారు. నిచ్చెన బంతి అందుకుని, వేగంగా వచ్చి ఆగబోయింది. కాలు ఆగలేదు. కుడికాలు ముందుకి జారిపోయింది, మోకాలు అక్కడే ఉండిపోయింది. ఆ చప్పుడు గోడవతల వాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. తుడుపుకర్ర పడేసి అందరికంటే ముందు నేనే చేరాను. నా చొక్కా పట్టుకుని, "మావయ్యా, జారింది" అంది. ఇప్పుడు దాచి లాభం లేదు కాబట్టి ఎవరూ కాదని అనలేదు, మావయ్యా అనే అంది.

తర్వాత పెద్దబ్యాడ్జీ అడిగాడు, ఎందుకు పడిందని. పిల్ల ఫ్లోరు తడిగా ఉందంది. ఆయన మొహం చిట్లించి, "ఆడలేక మద్దెల ఓడంటారు, ఇక్కడ ఫ్లోరు ఓడంటున్నారు" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు దగ్గరున్నావుగా, నువ్వు చెప్పు" అన్నాడు.

అక్కా, నిజం చెప్పాల్సి వచ్చింది. దాని కుడిబూటు లేసు ఊడి ఉంది. నేను కళ్ళారా చూశాను. ఊడిన లేసు ఎడమకాలి కింద పడింది, అడుగు లాక్కుంది. అంతే జరిగింది. షట్టరు సంగతి నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, అది నా కోత. నాకు తాళాలెవరిస్తారు?

పిల్లని తిట్టకు. లేసే కదా. ఎవరికైనా ఊడుతుంది.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడికి,

నీ ఉత్తరం కంటే ముందే కోచ్ మేడమ్ ఫోన్ వచ్చింది. ఆ రోజు నుంచి దిండు కింద ఫోన్ మోగుతున్నట్టే ఉంటోంది నాకు. నేనన్న మాటలు ఎవరినన్నానో తెలిశాక అన్నం ముద్ద నోటిదాకా రాలేదు.

నిన్న కాలేజీ బస్సు పిల్లని దింపి వెళ్ళింది. ఇద్దరు పట్టుకుని లోపలికి తెచ్చారు, కుడిబూటు ఆస్పత్రిలోనే పోయిందట. నేను ఎదురెళ్ళి, "ఆ రోజు మీ మావయ్య అనుకున్నానే" అన్నాను. "తెలుసమ్మా, మావయ్య చెప్పకపోయినా నాకర్థమైంది" అంది. అంతవరకు బాగానే ఉన్నాం ఇద్దరం.

తర్వాత నేను ఊరుకోలేకపోయాను. చిన్నప్పుడు స్కూలుకెళ్ళేటప్పుడు గుమ్మం దాటేలోపు దాని లేసులు ఊడిపోయేవి. వెనకాల పరిగెత్తి నేనే కట్టేదాన్ని. "ఇరవై ఏళ్ళొచ్చినా ఆ లేసులు కట్టుకోవడం రాలేదా నీకు? ఒక ముడి, ఒకే ఒక్క ముడి, దాని మీద నీ చదువంతా ఉంది, తెలియలేదా?" అన్నాను. "కట్టుకున్నానమ్మా, నేల తడిగా ఉంది, నా చెయ్యి ఆనితే తడి తగిలింది" అంది. "మీ మావయ్య చూశాడు" అన్నాను. "మావయ్య చూశాడా?" అని అడిగింది. నీ ఉత్తరం తీసి దాని చేతికిచ్చాను. చదివి, మడిచి, నాకిచ్చేసింది.

ఒరేయ్, ఒకటి చెప్పనా. పుట్టి బుద్ధెరిగాక నీ మాట నేను నమ్మింది ఇదే మొదటిసారి. సొంత మేనకోడలైనా తప్పుని తప్పని చెప్పావు. నువ్వు మారావని బావతో అన్నాను. ఆయన మాత్రం ఏదో గడియారం విప్పుకుంటూ తలెత్తలేదు.

డాక్టరు ఆపరేషన్ చేస్తేనే మళ్ళీ ఆట అంటున్నాడు. నేల తప్పైతే పోటీలు పెట్టినవాళ్ళు చేయించేవాళ్ళట. లేసు తప్పు కాబట్టి వాళ్ళకి సంబంధం లేదట. ఆడకపోతే సీటు లేదని కాలేజీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. జట్టు కూడా ఆ రోజే ఓడిపోయింది. తోటి పిల్లలు బస్సులో ఎవరూ దీనితో మాట్లాడలేదట.

అక్క


మార్చి 26

అక్కా,

ఇక్కడ పోటీలు ముగిశాయి. నీలం గోడ ముందు నిలబడి పెద్దవాళ్ళంతా ఫొటోలు దిగారు. మంగలిని పక్కకి జరగమన్నారు, వాడి షాపు ముందు వాడినే. ఉపన్యాసాల్లో మా ఊరు దేశానికే ఆదర్శమట, ఇన్ని ఆటలు ఒక్క ఊళ్ళో జరిగినా చిన్న పొరపాటు కూడా దొర్లలేదట. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు ఊరుకోవు కదా.

నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. "నిజాయితీకి, సమయస్ఫూర్తికి" అని రాసుంది. ఎప్పటికీ మేస్త్రీగా ఉంచుతానని పెద్దబ్యాడ్జీ భుజం తట్టాడు. మర్నాటికి ఐసు డాన్సు వాళ్ళు దిగారు. చెక్క తీసేస్తే కింద ఐసు నవ్వుతూ కనబడింది.

తోటి పిల్లలు మర్చిపోతారులే. కాలం అన్నీ మాన్పుతుందని బావని చెప్పమను, ఆయన వ్యాపారం అదే కదా. నిచ్చెనకి ఇంకే పనైనా వస్తుంది. ఎత్తున ఉన్న వస్తువులు దించి పెట్టినా బతికేస్తుంది.

ఈ జోకు బాగాలేదు, నాకే తెలుస్తోంది.

తమ్ముడు


ఏప్రిల్ 3

తమ్ముడికి,

జోకులు వద్దులే. నీ మీద కోపంతో అనడం లేదు, వినే ఓపిక లేక అంటున్నా.

పిల్ల సోమవారం నుంచి లాండ్రీకి వస్తోంది. కాలు నిలవదు కాబట్టి ఇప్పటికి స్టూలు మీద కూర్చోబెట్టి దిండు గలీబులు మడతపెట్టిస్తున్నారు. కాలు కాస్త నిలవగానే ఇస్త్రీ యంత్రం దగ్గరికి మారుస్తానంది సూపర్‌వైజరమ్మ. మంచి మనసుతోనే అంది. నేను తలూపాను. నా తల అలా ఊగుతుందని నాకే తెలియదు.

ఉతికిన బట్టల మూటలు కట్టడం కూడా దాని పనే. ఒక్కో మూటకి రెండేసి ముళ్ళు వేసి, మళ్ళీ లాగి చూస్తుంది. అవతల వార్డులో ఆయాలు విప్పలేక తిట్టుకుంటున్నారు. చెప్తే వినదు. నిన్న గలీబు మడతపెడుతూ తనలో తాను అన్నట్టు అంది, "కట్టుకున్నట్టే గుర్తుందమ్మా. కానీ మావయ్య చూశాడంటే ఊడే ఉంటుంది. మావయ్య అందరి మీదా వేళాకోళమాడతాడు గానీ నా మీద ఆడడు."

కాలేజీ నుంచి ఒక కాగితం వచ్చింది. నా అజాగ్రత్త వల్లే పడ్డాను, ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని సంతకం పెట్టాలి. పెడితే సీటు మర్యాదగా వదులుకున్నట్టు రాస్తారట. పదో తేదీన పెడతానంది. ఒత్తిడేం లేదు, దానికదే పెడతానంది.

దానికి ఒక ఉత్తరం రాయి. ధైర్యం చెప్పు. ఇప్పుడు నీ మాటంటే దానికి గురి. నాకూ అంతే.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

ఇది బావకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదివి, తర్వాత పిల్లకివ్వు. సంతకం పెట్టకముందే ఇవ్వు.

షట్టరు నా కోత కాదు. నేను ముందు రాసిందే నిజం. నువ్వు నమ్మలేదు కాబట్టి ఆ నమ్మకపోవడాన్ని వాడుకున్నాను. నువ్వే ఇచ్చిన గొడుగు కింద నేను దాక్కున్నాను.

ఆ రోజు బెత్తెడే ఎత్తాను. మంగలి వంగి చూసి, "నడుం పట్టేస్తోంది, ఇంకాస్త ఎత్తవయ్యా" అన్నాడు. మూరెడు ఎత్తాను. "చొక్కా మీద పేరు కనబడట్లేదు" అన్నాడు టీకొట్టాయన. నిలువెత్తు లేపేశాను. నిచ్చెన బంతి వేసింది. వీపు మీద బావ ఇంటిపేరు చదివి వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు. "అయితే నిజమేనన్నమాట" అన్నాడు మంగలి. అక్కా, ఆ ఒక్క మాట విని నేను షట్టరు దించడం మర్చిపోయాను. ఆట సగం దాకా ఉక్కంతా లోపలికొచ్చింది. నా అరికాళ్ళ కింద ఫ్లోరు చల్లగా, చెమ్మగా తగులుతూనే ఉంది. ఇంకొక్క నిమిషం, వాళ్ళు ఇంకొక్కసారి అనాలి, అనుకున్నాను. అప్పుడే పిల్ల జారింది.

పెద్దబ్యాడ్జీ అడిగినప్పుడు షట్టరంటే నా మెడలో బ్యాడ్జీ పోతుంది. నోటికొచ్చింది అనేశాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి నా మాట రాసుకున్నాడు. నేనన్న మాటని ఒక మనిషి కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. అందరూ తలలూపారు. ఇన్నేళ్ళు నిజాలు చెబితే నవ్వారు, ఆ ఒక్క అబద్ధానికి సర్టిఫికెట్ ఇచ్చారు. తర్వాత నువ్వు నమ్మావు. దాని తర్వాత పిల్ల నమ్మింది. అది తన చేతి తడిని కూడా కాదనుకుని నన్ను నమ్మింది.

ఇవాళ పొద్దున్న ఆఫీసుకెళ్ళి ఇదంతా చెప్పాను. పెద్దబ్యాడ్జీ పగలబడి నవ్వాడు. "నీ వేషాలు నాకు తెలుసులేవయ్యా, మేనకోడలని కొత్త కథ అల్లావు" అన్నాడు. సాక్ష్యం రమ్మని మంగలినీ టీకొట్టాయన్నీ అడిగాను. టీకొట్టు మళ్ళీ పాతచోట పెట్టుకోనిచ్చారు, ఇప్పుడాయన నోరు విప్పడు. మంగలి కత్తి తుడుచుకుంటూ, "షట్టరా? ఏ షట్టరు? నేనా రోజు ఊళ్ళోనే లేను" అన్నాడు. నా దగ్గర నేర్చుకున్న విద్యే. తప్పుపట్టలేను. బ్యాడ్జీ, తాళాల గుత్తి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇది కూడా నా వేళాకోళమే అంటావని తెలుసు. అందుకే నా మాట నమ్మమని అడగడం లేదు. రేపటి బస్సులో ఒక పొట్లం పంపిస్తున్నాను. పిల్ల కుడిబూటు ఆస్పత్రిలో పోయిందనుకున్నారు కదా, పోలేదు. ఆ రోజు పాదం వాచిపోతుంటే బూటు తీయమన్నాడు డాక్టరు. నేనే కూర్చుని ముడి విప్పబోయాను. రాలేదు. గోళ్ళతో లాగాను, పళ్ళతో లాగాను. అంత గట్టిగా, రెండు ముళ్ళేసి, కొసలు లోపలికి దోపి కట్టుకుంది నీ కూతురు. చివరికి టేపు కోసే కత్తితో ముడి కింద కోసి బూటు లాగాను. ముడి అలాగే ఉంది, చూసుకోండి.

లేసు ఊడలేదు అక్కా. అది పూర్తిగా నేను పుట్టించిన మాట.